నేను మంచిదాన్నైపోయిన కార్తీకం

నాకు నోరెక్కువ. వెనకాల అనేవాళ్ళు ఎలాగూ ఉన్నారు కాబట్టి ఆ మాటేదో ముందు నేనే అనేస్తే ఓ పనైపోతుంది. చిన్నప్పుడు మా అమ్మ "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని చెప్పి చెప్పి అలిసిపోయి, చివరికి "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని నన్ను నా మానాన వదిలేసింది. పెళ్ళయ్యాక ఈ నోరు మా ఆయన వాటాకి వచ్చింది. ఫ్రీమాంట్‌లో కాపురం పెట్టాక నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం దొరికింది. ఎదుటివాళ్ళ పనిలో తప్పులు పట్టినందుకు జీతం కూడా ఇస్తారని తెలిసి నేను పొందిన ఆనందం అంతా ఇంతా కాదు. పగలంతా ఆఫీసులో తప్పులు పట్టి, సాయంత్రం ఇంటికొచ్చి మిగిలినవి పట్టేదాన్ని.

దీనికి మా ఆయన కనిపెట్టిన విరుగుడు "ఊఁ". తడి తువ్వాలు మంచం మీద పడేశారేమండీ అంటే ఊఁ. కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెచ్చారేమిటంటే ఊఁ. ఎదురు తిరిగి మాట్లాడిన రోజు ఒక్కటి లేదు. అలాగని నేను చెప్పింది చెవికెక్కించుకున్న రోజూ లేదు. ముప్పై ఏళ్ళపాటు చెవిటివాడి ముందు శంఖం ఊదాను. ఊదడం మానలేదు, అది వేరే సంగతి.

ఇలాంటి నాకు లివర్ పాడైంది. లివర్ జబ్బంటే మనవాళ్ళకి తెలిసిన కారణం ఒక్కటే. నేను చుక్క ముట్టినదాన్ని కాదు. షుగరూ, ఒళ్ళూ, ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుని చేసిన ఉద్యోగమూ కలిసి లివర్‌కి కొవ్వు పట్టించాయి, ఆ కొవ్వు మెల్లగా లివర్‌ని గట్టిపరిచేసింది. సిరోసిస్ అన్నారు. గుడి హాల్లో ఒకావిడ నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి, "మీ వారికి అలవాటుందాండీ?" అని అడిగింది. "ఆయనకి అలవాటుంటే నా లివర్ ఎందుకు పాడవుతుందండీ, పక్కన పడుకుంటే అంటుకుంటుందా?" అన్నాను. ఆవిడ మళ్ళీ నా వరసలో కూర్చోలేదు.

ఉద్యోగం మానేశాను. ఉప్పు మానేశాను. పొట్టలో నీరు చేరితే అప్పుడప్పుడు హాస్పిటల్‌కి వెళ్ళి సూదితో తీయించుకుని వచ్చేదాన్ని. ఇవన్నీ ఓర్చుకున్నాను. నన్ను నిజంగా భయపెట్టింది డాక్టరు చెప్పిన ఇంకో సంగతి. లివర్ రక్తాన్ని సరిగ్గా వడపోయకపోతే ఆ మలినం మెదడుకి ఎక్కుతుందట. మనిషి మసకబారుతుందట. పట్టించుకోకపోతే మత్తులోకి, ఆ తర్వాత కోమాలోకి జారిపోవచ్చట. దానికి విరుగుడుగా ఒక తియ్యటి సిరప్ రోజూ తాగాలి. తాగితే మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగు. మలినం ఆ దారిన పోవాల్సిందే, వేరే దారి లేదు అన్నాడు డాక్టరు. "మసక మొదలైనట్టు మీకు తెలియదు, ఇంట్లోవాళ్ళు కనిపెట్టాలి" అని కూడా అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద లివర్ బొమ్మ చూస్తున్నారు. నా బుర్ర నాకు తెలియకుండా పోతే, పోయిందని కనిపెట్టాల్సిన మనిషి ఈయనా అనుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ ఏడు కార్తీక సోమవారం శాన్ రామన్‌లో మాకు తెలిసినవాళ్ళింట్లో అభిషేకం పెట్టుకున్నారు. ఉపవాసం నాకు పెళ్ళికి ముందునుంచీ అలవాటు, చుక్కలు కనపడేదాకా పచ్చి మంచినీళ్ళే. జబ్బు చేసినంత మాత్రాన శివుడికి బాకీ పడతానా అనుకున్నాను. సిరప్ సంగతి మరీ చిక్కు. అది తాగి మడిలో ఎలా కూర్చోవడం? రుద్రం మధ్యలో లేచి పరుగెత్తి, మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ వచ్చి కూర్చుని... అది అయ్యే పని కాదు. అందుకని ఆ రోజుకి సిరప్ మానేశాను. ఏమీ కాలేదు. సాయంత్రం ప్రసాదం తిని ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. మర్నాడు సిరప్ సీసా వైపు చూసిన గుర్తు ఉంది. తాగిన గుర్తు లేదు.

ఇక్కణ్ణుంచి కొంత దూరం నేను చెప్పేదంతా విన్నది. నేను అక్కడే ఉన్నాను కానీ నాకేం తెలియదు. మా ఆయనా, మా అమ్మాయీ చెప్పినవి కలుపుకుని చెబుతున్నాను.

మంగళవారం పొద్దున మా ఆయన చేయి తగిలి డికాషన్ గిన్నె బోర్లా పడిందట. ఆయన అలవాటుగా భుజాలు ముడుచుకుని నిలబడ్డారు. నేను గుడ్డ తెచ్చి తుడిచి, "పర్లేదండీ" అన్నానట. ఆయన కొట్టుకి వెళ్ళి ముదురు బెండకాయలు తెచ్చారు. నేను ఒక్కటి కూడా విరిచి చూడకుండా, "బాగున్నాయండీ" అన్నానట. అప్పుడాయనకి ధైర్యం వచ్చింది. జెర్సీ సిటీలో ఉండే మా ఆడపడుచు కుటుంబం థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చి రెండు వారాలు ఉంటామని ఎప్పటినుంచో అడుగుతోంది. రెండేళ్ళుగా నేను ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. ఆయన మెల్లగా ఆ మాట ఎత్తారు.

"అలాగేనండీ" అన్నానట.

ముప్పై ఏళ్ళలో నా నోట ఆ మాట ఆయన వినలేదు. వెంటనే బయటికి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశారు. ఆవిడ ఇంకా తెలివైనది, నా మనసు మారేలోగా టికెట్లు బుక్ చేసేసింది. ఆ రెండు మూడు రోజులూ మా ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో మా ఆయన తర్వాత నాకు చెప్పారు. చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. "కార్తీక మాసం కదా, శివుడు కరుణించాడు అనుకున్నాను" అన్నారు. నేను మధ్యాహ్నం పూట ఎక్కువ నిద్రపోతుంటే ఉపవాసం నీరసం అనుకున్నారు. స్టవ్ ముందు గరిటె పట్టుకుని ఊరికే నిలబడితే భక్తిలో ఉన్నాననుకున్నారు. ఈ పొరపాటు చెయ్యడానికి తెలుగు మొగుడే కావాలి. ఇంకే దేశం మొగుడైనా పెళ్ళాం అంత మంచిదైపోతే అదే రోజు హడలిపోయి ఉండేవాడు.

అదృష్టం కొద్దీ గురువారం నాకు పొట్టలో నీరు తీసే అపాయింట్‌మెంట్ ఉంది. ఆయన కార్‌లో పాటలు పెట్టుకుని మరీ నన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు.

అక్కడ లివర్ పేషెంట్లని చూసుకునే ఒక నర్సు ఉంది. నా ఈడుదే. చిన్నప్పుడే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిందట. క్లినిక్‌కి వచ్చినా, పైన వార్డులో చేరినా మమ్మల్ని వదలకుండా వెంట ఉండేది ఆవిడే. అంతకుముందు ఆవిడని నేను రెండు మూడుసార్లు చూసి, ఆవిడ రక్తం గుంజే పద్ధతిలో తప్పు వెతికి, దొరక్క ఊరుకున్నాను. ఆ రోజు ఆవిడ నన్ను ఎలా ఉన్నారని అడిగింది. "షీ ఈజ్ ఫైన్" అన్నారు మా ఆయన. తిండి ఎలా ఉంది అంటే, "గుడ్, గుడ్" అన్నారు. ఇవాళ ఏం వారం అని నన్ను చూసి అడిగితే, "థర్స్‌డే" అని ఆయనే చెప్పారు. పెళ్ళానికి పదిమందిలో మాట దొరక్కపోతే అందించడం మర్యాద అని పెరిగిన మనిషి మరి.

నర్సు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుందట. "సర్, మీకు ఏం వారమో తెలుసని నాకు తెలుసు. నేను ఆవిణ్ణి అడుగుతున్నాను" అంది. గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి మళ్ళీ అడిగింది. నేను చాలా గౌరవంగా నవ్వి, ఆ ఫిలిప్పీన్స్ ఆవిడకి తెలుగులో, "మీరెలాగంటే అలాగేనండీ" అని చెప్పానట.

"ఆవిడ ఎప్పుడూ ఇంత శాంతంగా ఉంటారా?" అని ఆయన్నడిగింది నర్సు.

"ఇది మాకు పవిత్రమైన నెల. ఉపవాసాల వల్ల మనసు నెమ్మదించింది" అన్నారు ఆయన.

"మంచిది. పోయిన నెల కూడా నెమ్మదిగానే ఉందా?"

మా ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు. ఎదురుగా వినేది నేనైనా, ఇంకొకరైనా సరే. ఆయన మా అమ్మాయికి ఫోన్ చేశారు. దాని ఆఫీస్ అక్కడికి దగ్గరే కావడంతో కాసేపట్లో వచ్చేసింది. అది ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. అంతకు వారం ముందే జుట్టు సగం ఊదారంగు వేయించుకుంది. ఆ జుట్టు మూలంగా నేను దానితో మాటలు మానేసి నాలుగు రోజులైంది. ఆ పిల్ల గదిలోకి రాగానే నేను చెయ్యి చాపి, "రా తల్లీ, జుట్టు ఎంత చక్కగా ఉందో" అన్నానట.

మా అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయి నర్సు వైపు తిరిగింది. "దిస్ ఈజ్ నాట్ మై మామ్. మా అమ్మ ఇంత నైస్‌గా ఉండదు. సమ్‌థింగ్ ఈజ్ రియల్లీ రాంగ్" అంది. అంటూనే ఏడ్చేసింది. నా గురించి అంతకన్నా నిజమైన మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నర్సుకి ఇంకేమీ అక్కర్లేకపోయింది. వచ్చే కార్లని ఆపుతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపమంది. నా చేతులు తడిబట్ట దులిపినట్టు ఊగాయట. మలినం మెదడుకెక్కితే చాపిన చేతులు నిలవవట, అదే గుర్తు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు తన చేతులు ఒళ్ళో దాచుకుంటుంది. మమ్మల్ని ఇంటికి పంపలేదు, ఎమర్జెన్సీలో కూర్చోబెట్టలేదు. ఆ నర్సు ఫోన్ మీద ఫోన్ చేసి, పైన లివర్ వార్డులో మంచం ఖాళీ చేయించి, నన్ను తోసుకుంటూ తనే పైకి తీసుకెళ్ళింది.

తర్వాత నాకేం చేశారో ఒక్కొక్కటే అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను. పొట్టలో నీరు తీసి, అందులో ఇన్ఫెక్షన్ ఉందేమో చూశారు. దానివల్ల కూడా బుర్ర మసకబారుతుందట. లేదని తేలింది. సిరప్ నోటితో మింగలేకపోతే కింది నుంచి ఎక్కించారు. దాని ఫలితం ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు కదా. పక్క గుడ్డలు మార్చారు, నన్ను తుడిచారు, మళ్ళీ మార్చారు, మళ్ళీ తుడిచారు. మడి కోసం సిరప్ మానేసిన మనిషికి జరగాల్సిన శాస్తే అది. అయితే అమ్మాయి చెప్పినవాటిలో నన్ను కదిలించింది వేరే ఉంది. నాకు ఏమీ తెలియని ఆ స్థితిలో కూడా వాళ్ళు ప్రతి పనికీ ముందు నాకు చెప్పేవారట. ఇప్పుడు పక్కకి తిప్పుతున్నాం, ఇప్పుడు కొంచెం చల్లగా ఉంటుంది, ఇదిగో అయిపోయింది అని. చెప్పి, కర్టెన్ పూర్తిగా మూశాకే చెయ్యి వేసేవారట. ఎవరూ ముక్కు మూసుకోలేదు, ముఖం చిట్లించలేదు. తప్పులు పట్టి బతికినదాన్ని నేను. ఆ మనుషుల పనిలో ఒక్క తప్పు పట్టలేను. వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి.

నాకు మళ్ళీ గుర్తున్న మొదటి విషయం నా కాళ్ళు. అవి పైకి లేస్తున్నాయి. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, తల కిందికి పోతోంది, కాళ్ళు ఆకాశానికి పోతున్నాయి. పక్కన మా ఆయన మంచం రిమోట్ పట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, నొక్కిన మీటే మళ్ళీ నొక్కుతున్నారు.

"ఏవండీ, కాళ్ళు కాదు, తల! తల లేపాలి! మీలాంటివాళ్ళ కోసమే బొమ్మ వేసి మరీ పెట్టారు కదా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?"

ఆయన రిమోట్ పడేశారు. నన్ను అలా తలకిందులుగానే వదిలేసి కారిడార్‌లోకి పరుగెత్తారు. "షీ స్కోల్డెడ్ మీ! సిస్టర్, షీ స్కోల్డెడ్ మీ!" అని అరుస్తున్నారు. అంత గొంతు ఆయనకుందని నాకు అప్పుడే తెలిసింది. నర్సు వచ్చింది, వెనకాల ఇంకో ఇద్దరొచ్చారు. ముందు నన్ను సరిగ్గా పడుకోబెట్టి, ఏం వారమో, ఏ ఊరో అడిగి, చేతులు చాపించి చూసి, అప్పుడు అందరూ కలిసి చప్పట్లు కొట్టారు. మా ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకేమీ అర్థం కాలేదు. మొగుణ్ణి తిడితే చప్పట్లు కొట్టే చోటు ఒకటుందని మా అమ్మకి తెలిస్తే బాగుండేది.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ మంచం పక్కనే నిలబడి, పేషెంట్ ఎదురుగానే సంగతులన్నీ అప్పగించుకుంటారు. తప్పుంటే మీరే దిద్దండి అంటారు. నాలాంటిదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రం మా నర్సు కూడా వచ్చి, కొత్తగా డ్యూటీకి వచ్చిన అమ్మాయికి నా ముందే చెప్పింది. "ఈవిడకి మామూలు అంటే భర్తని తిట్టడం. తిడుతూ ఉంటే అంతా బాగున్నట్టే. అన్నిటికీ 'అలాగే' అంటే మాత్రం వెంటనే డాక్టర్ని పిలువు, నిద్రపోతుందిలే అని వదలకు." ఆ 'అలాగే' అన్న మాట మా ఆయన దగ్గర నేర్చుకుందట. కొత్తమ్మాయి చేత కూడా రెండుసార్లు అనిపించింది.

మసక ఒక్కొక్కళ్ళకి ఒక్కో గుమ్మంలోంచి వస్తుందని నర్సు నాకు తర్వాత చెప్పింది. ఒకాయనకి ముందు సంతకం వంకర పోతుందట. ఒక ముసలమ్మకి ఊలు అల్లికలో కుట్లు తప్పుతాయట. నీకు ముందు పోయేది కోపం అంది. పుడకల దాకా ఆగకుండానే బుద్ధి పోతుందని అప్పుడు తెలిసింది నాకు. ఎప్పుడూ ఎవరి ముందూ బెదరనిదాన్ని, ఆ మాట విని దుప్పటి గట్టిగా పట్టుకున్నాను. ప్రాణం పోతుందంటే ఏడ్చి ఊరుకుంటాం. మనిషి పోయి మంచితనం మిగలడం ఏమిటి? నేను లేకుండా నా మంచం మీద ఎవరో మెత్తటి మనిషి నవ్వుతూ పడుకుని ఉండటం ఏమిటి?

ఇంటికెప్పుడు పంపుతారని డాక్టర్ని అడిగాను. మందు పనిచేస్తోంది కానీ ఇది మళ్ళీ రావచ్చు, ఇంట్లో తొలిగంటలోనే కనిపెట్టే మనిషి ఉండాలి, లేకపోతే కొన్నాళ్ళు నర్సులుండే చోటికి పంపడం మేలు అన్నాడు. అమ్మాయికి ఉద్యోగం. ఇంట్లో ఉండేది ఈయన, ఈయన ఊఁ.

డాక్టరు వెళ్ళగానే నర్సు మా ఆయన్ని కూర్చోబెట్టింది. సిరప్ ఎంత, ఎప్పుడు, ఎన్ని విరేచనాలైతే చాలు అని అడిగింది. ఆయన ఇంజనీరు, గడగడా అప్పజెప్పారు. బాగుంది అంది. తర్వాత, "ఇవాళ పొద్దుట్నుంచి మీ ఆవిడ మిమ్మల్ని ఏమేం అంది?" అని అడిగింది.

ఆయన దిక్కులు చూశారు. "చాలా అంది" అన్నారు.

"ఏమంది?"

ఆయన ఆలోచించారు. ఎంత ఆలోచించినా తట్టలేదు. నేను పొద్దున్నుంచి ఆయన షేవింగ్ గురించీ, మేజోళ్ళ గురించీ, కాఫీ ఒలకబోసిన కుర్చీ గురించీ అన్నీ అన్నాను. ఒక్క ముక్క గుర్తు లేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ నర్సుకి కోపం రాలేదు. ఆయన పక్కనే కూర్చుని, "సర్, ఇది మీకు చప్పుడు. నాకు ఇది థర్మామీటర్. చూడటం రాకపోతే జ్వరం తెలియదు. రేపు మళ్ళీ అడుగుతాను" అంది. అంత గట్టి మాట అంత మెత్తగా చెప్పడం నేను ఈ జన్మలో నేర్చుకోలేను.

మర్నాడు తిండి గురించి చెప్పడానికి హాస్పిటల్ డైటీషియన్, ఓ కుర్రపిల్ల, వచ్చింది. కార్తీకం, ఉపవాసం అంటే ఏమిటో నా చేత చెప్పించుకుని శ్రద్ధగా విన్నది. నవ్వలేదు. ఇలాంటి లివర్‌కి పస్తు విషంతో సమానమనీ, పప్పూ పెరుగూ మానకూడదనీ, పడుకునేముందు కూడా ఏదైనా తినాలనీ చెప్పింది. "మీ పద్ధతిలో రోగులకి మినహాయింపు ఉంటుందా?" అని అడిగింది. ఉంటుంది. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ, రోగులకీ ఉపవాసం లేదని మా అమ్మమ్మే చెప్పేది. నేను రోగిననే ఒప్పుకోలేదు, అంతే. ఆ పిల్ల ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం నర్సు వచ్చి మా ఆయన ముందు నిలబడింది. ఆయన కూడా లేచి నిలబడ్డారు, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకున్నారు. "పొద్దున నేను ఎడమ మేజోడు కుడికాలికి వేసుకున్నానంది" అన్నారు. "మేజోళ్ళకి ఎడమా కుడీ ఉండవన్నాను. మీకు ఉండవు, వాటికి ఉంటాయి అంది. అరటిపండు ఒలిచి తొక్క కిటికీలో పెట్టానంది. మా చెల్లెలికి తనని అడక్కుండా టికెట్లు కొనిపించానంది. అడిగాను, తనే ఒప్పుకుంది అంటే, ఒళ్ళు తెలియనిదాని చేత సంతకం పెట్టించుకున్నట్టు ఉంది అంది. మధ్యాహ్నం నేను గురక పెట్టానంది. గురకలో కూడా ఊఁ అన్నానంది."

ఒక్కటీ వదల్లేదు. నేను అన్నవి, అన్న వరసలో, అన్న మాటల్లోనే చెప్పారు. ముప్పై ఏళ్ళలో నా మాటలు తిరిగి నా చెవిన పడటం అదే మొదలు. నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. నర్సు ఆయన భుజం తట్టి, "రేపు ఇంటికి తీసుకెళ్ళొచ్చు" అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో చిత్రంగా ఉంది. నేను నోరు విప్పితే ఆయన టీవీ ఆపుతారు. ఊఁ పోయింది. దాని బదులు, "మళ్ళీ చెప్పు" వచ్చింది. మసకలో నేను కారు నడుపుతానేమోనని తాళాలు తీసేసుకున్నందుకు ఒక వారం తిట్టాను, పూర్తిగా విన్నారు. థాంక్స్‌గివింగ్‌కి ఆడపడుచు వాళ్ళు దిగారు. వంటింట్లో ఆవిడ సర్దిన డబ్బాలన్నీ నేను మళ్ళీ సర్దుతూ అన్నయ్యనీ చెల్లెల్నీ కలిపి దులిపేస్తుంటే, ఆవిడ ముఖం మాడిపోయింది. మా ఆయన మాత్రం గుమ్మానికి ఆనుకుని కళ్ళు సగం మూసుకుని, త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నట్టు తల ఊపుతున్నారు. "వదిన ఇలా అంటుంటే నీకేమీ అనిపించదా అన్నయ్యా?" అంది ఆవిడ. "చాలా బాగుంది" అన్నారు ఈయన.

ఇదంతా హాస్యంగా చెబుతున్నాను కానీ హాస్యమేమీ కాదు. ఆ తర్వాత ఒకసారి నిజంగానే మసక మొదలైంది. జలుబు చేసి, సరిగ్గా తినక, పొద్దున్నే ఆయన పొరపాటున కాఫీలో పంచదార వేసిస్తే, షుగరున్న నేను ఏమీ అనకుండా తాగుతున్నానట. సగం కప్పు అయ్యేసరికి ఆయన నన్ను కార్‌లో కూర్చోబెట్టారు. ఆ పూటే సర్దుకుంది, వార్డులో ఒక్క రాత్రి ఉంచి పంపేశారు. నర్సు ఆయనకి చెయ్యి కలిపింది. ఆ రోజు ఆయన నడకే వేరు.

మొన్న వసంతంలో ఒక ఆదివారం. ఫ్రిజ్ సర్దుతుంటే వెనక వరసలో మాగాయ సీసా దొరికింది. మా స్నేహితురాలు నేను హాస్పిటల్‌కి వెళ్ళకముందు ఇచ్చింది. మూత కూడా తియ్యలేదు. మా ఆయనకి మాగాయ లేకపోతే పెరుగన్నం దిగదు. ఆయన స్టవ్ దగ్గర నిలబడి నాకోసం ఉప్పులేని పప్పు కలుపుతున్నారు.

"ఇదేమిటండీ, ముట్టుకోనే లేదు?"

"నువ్వు తినకూడదు కదా" అన్నారు, అటే తిరిగి.

"మీకేమొచ్చింది?"

"నువ్వు చప్పిడి తింటుంటే నాకు సయించలేదు. అలవాటైపోయిందిలే."

అప్పటిదాకా నాకు తోచనే లేదు. ఇన్ని నెలలుగా నా కంచంలో ఏముందో ఆయన కంచంలోనూ అదే ఉంది. పక్కనే కూర్చుని తింటూ తప్పులు పట్టేదాన్నే గానీ ఆయన ఏం తింటున్నారో చూడలేదు. సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ మనిషంటే నాకెంత ఇష్టమో ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఆగలేక, "ఏవండీ, మీరు చాలా మంచివారండీ" అన్నాను.

గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన ఇటు తిరిగారు. ముఖంలో నెత్తురు లేదు.

"చేతులు చాపు" అన్నారు.

"నాకేం కాలేదండీ, నిజంగానే..."

"చాపు. ఇవాళ ఏం వారం?"

"ఆదివారం. మీరు నా కోసం..."

"పొద్దున సిరప్ తాగావా? నేనే ఇచ్చానా? ఏ ఊళ్ళో ఉన్నాం?" ఒక చేత్తో కారు తాళాలు వెతుకుతున్నారు, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. నేను సీసా కింద పెట్టి చేతులు చాపాను. కార్లని ఆపుతున్నట్టు. నా చేతులు కదల్లేదు. నన్ను పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది.

ఆయనకి చెప్పాల్సినవి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ముప్పై ఏళ్ళ నుంచి చెప్పకుండా దాచినవి. ఒక్కటి చెప్పినా ఈయన నన్ను తిన్నగా హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలా ఉన్నారు. ఆ కళ్ళు చూడలేకపోయాను.

"ముందు ఆ చొక్కా చూసుకోండి" అన్నాను. "పై గుండీ కింద, కింద గుండీ పైన పెట్టుకుని ఊరంతా తిరగడమే కాక, నన్ను ఏం వారం అని అడుగుతున్నారా? బుర్ర ఎవరికి పోయిందో కనపడటం లేదూ?"

ఆయన తల వంచి చొక్కా చూసుకున్నారు. గుండీలు నిజంగానే ఎగుడుదిగుడుగా ఉన్నాయి. "అమ్మయ్య" అని అక్కడే స్టూలు మీద కూలబడి, రెండు అరచేతులతో ముఖం తుడుచుకున్నారు. కాసేపటికి తలెత్తి నా వైపు చూశారు.

"ఇంకా ఏమైనా అను" అన్నారు.

స్టవ్ మీద పప్పు అడుగంటుతోందని అన్నాను. ఆ గరిటె తెచ్చి ఫోన్ మీద పెట్టారేమిటన్నాను. గొంతు వణక్కుండా చూసుకుంటూ, గుర్తొచ్చినవన్నీ ఒకటొకటే అంటూ పోయాను. ఆయన స్టూలు మీంచి లేవకుండా అన్నీ విన్నారు.